టైరు వయసు

పిల్లలూ! వయసు మీదపడితే మనిషి చర్మం ముడతలు పడుతుంది. ముసలి చెట్టు బెరడు పగుళ్లు తీస్తుంది. వాన లేక ఎండిన చెరువు అడుగున మట్టి బీటలు వారుతుంది. వీటిని మనం చూడగానే గుర్తుపడతాం. కాని మన ఇంటి ముందు నిలిచి ఉండే పాత కారు టైర్లను ఎప్పుడైనా వంగి చూశారా? వాటి పక్కల మీద కూడా అటువంటి ముడతలూ, బీటలూ కనబడవచ్చు. చాలామంది వాటిని పట్టించుకోరు. "టైరు ఇంకా అరగలేదు, గాడులు లోతుగానే ఉన్నాయి, ఇంకో రెండేళ్లు నడుస్తుంది" అంటారు.

ఈ మాట సగమే నిజం. టైరు రెండు విధాలుగా పాడవుతుంది. రోడ్డు మీద తిరిగి తిరిగి అరిగిపోవడం మొదటి విధం. ఇది కంటికి కనబడుతుంది. తిరిగినా తిరగకపోయినా ఏళ్లు గడిచేకొద్దీ ఎండిపోయి, పెళుసెక్కి, పగిలిపోవడం రెండవ విధం. ఇది నెమ్మదిగా, చాటుగా జరుగుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక టాక్సీ రోజంతా ఊరు తిరుగుతుంది. దాని టైర్లు రెండు మూడేళ్లలోనే అరిగిపోతాయి. టాక్సీ నడిపే ఆయన వాటిని మార్చేస్తాడు. అదే వీధిలో ఒక తాతగారి కారు ఉంది. అది శనివారం నాడు గుడికీ, పండుగలకు బంధువుల ఇంటికీ తప్ప బయటకు రాదు. పన్నెండేళ్లయినా దాని టైర్ల గాడులు కొత్తవాటివలె లోతుగా ఉంటాయి. ఈ రెండింటిలో ఏది ప్రమాదం? చాలాసార్లు తాతగారి కారే. ఎందుకో తెలియాలంటే ముందు రబ్బరు గురించి తెలుసుకోవాలి.

చెట్టు నుండి వచ్చిన వస్తువు

రబ్బరు కథ మనకు పరాయి కథ కాదు. మలేషియాలో ఉన్న తెలుగువారి తాతముత్తాతలలో చాలామంది రబ్బరు తోటలలోను, కొబ్బరి తోటలలోను పనిచేసినవారే. తెల్లవారకముందే లేచి, తలకు దీపం కట్టుకొని, చెట్టు చెట్టుకూ వెళ్లి బెరడు మీద వాలుగా సన్నని గాటు పెట్టేవారు. ఆ గాటు వెంట తెల్లని పాలు కారి, కింద కట్టిన చిన్న గిన్నెలో పడేవి. ఎండ ముదిరితే పాలు సరిగా కారవు. అందువలన ఆ పని చల్లని వేళలోనే చేయాలి.

రబ్బరు చెట్టు ఈ నేలది కాదు. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ అడవి. 1876లో హెన్రీ విక్‌హామ్ అనే ఆంగ్లేయుడు సుమారు 70 వేల విత్తనాలను బ్రెజిల్ నుండి లండన్ దగ్గర ఉన్న క్యూ తోటకు చేర్చాడు. వాటిలో కొద్ది భాగమే మొలకెత్తాయి. ఆ మొక్కలలో ఎక్కువ భాగం సింహళానికి వెళ్లాయి. 1877లో 22 మొక్కలు సింగపూరుకు వచ్చాయి. వాటిలో కొన్నింటిని పేరా రాష్ట్రంలోని క్వాలా కాంగ్సార్‌లో నాటారు. తొలితరానికి చెందిన చెట్టు ఒకటి ఆ ఊరిలో ఇప్పటికీ నిలిచి ఉంది. తరువాత సింగపూరు వృక్షశాస్త్ర తోటకు అధికారిగా వచ్చిన హెన్రీ రిడ్లీ, చెట్టు చావకుండా ఏళ్ల తరబడి పాలు తీసే పద్ధతిని రూపొందించి, దానిని తోటల యజమానులకు నేర్పాడు. ఆ పద్ధతి వలననే మలయాలో రబ్బరు తోటలు విస్తరించాయి. ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ రబ్బరు పండించినది మలేషియాయే. నేడు థాయిలాండ్, ఇండోనేషియా ముందున్నాయి.

చెట్టు పాలలో రబ్బరు దాదాపు మూడవ వంతు ఉంటుంది. మిగిలినదానిలో ఎక్కువ భాగం నీరే. పాలలో కొద్దిగా ఆమ్లం కలిపితే, మజ్జిగచుక్క పడిన పాలవలె అది గడ్డకడుతుంది. ఆ గడ్డను మరలో వత్తి పలుచని రేకులు చేసి, పొగగదిలో ఆరబెడతారు.

గంధకం వేసిన ముడులు

ఇలా వచ్చిన పచ్చి రబ్బరుతో టైరు చేయలేము. అది ఎండకు మెత్తబడి అంటుకుంటుంది. చలికి గట్టిపడి పెళుసెక్కుతుంది. ఈ చిక్కును విడదీసినవాడు అమెరికా దేశపు చార్లెస్ గుడియర్. 1839లో ఆయన రబ్బరుకు గంధకం కలిపి వేడిచేస్తే అది ఎండకూ చలికీ తట్టుకొంటుందని కనుగొన్నాడు. 1844లో దానికి హక్కుపత్రం పొందాడు. అయినా ఆ కనుగోలు వలన ఆయన ధనవంతుడు కాలేదు. 1860లో అప్పులతోనే కన్నుమూశాడు. ఆయన పేరుతో ఉన్న టైర్ల కంపెనీ 1898లో ఇతరులు స్థాపించినది.

గంధకం చేసే పని ఏమిటి? రబ్బరులో ఉన్న అణువులు పొడవైన దారాలవంటివి. ఉడికించిన సేమియా గిన్నెలో ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. ఒక పోగు మీద మరొక పోగు జారుతూ ఉంటుంది. పచ్చి రబ్బరు అటువంటిది. గంధకం ఆ పోగుల మధ్య అక్కడక్కడ ముడులు వేస్తుంది. అప్పుడు వల అల్లినట్లవుతుంది. లాగితే సాగుతుంది, వదిలితే మళ్లీ తన రూపానికి వస్తుంది. ఈ సాగే గుణమే టైరుకు ప్రాణం.

1888లో జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువైద్యుడు ఐర్లండ్ దీవిలోని బెల్‌ఫాస్ట్ నగరంలో తన కొడుకు మూడు చక్రాల బండికి గాలి నింపిన రబ్బరు గొట్టం అమర్చాడు. ఆయనకు ముందే, 1845లో, రాబర్ట్ థామ్సన్ అనే స్కాట్లండ్ దేశీయుడు ఈ ఆలోచన చేశాడు గాని, అది అప్పట్లో వాడుకలోకి రాలేదు. డన్‌లప్ తరువాతనే గాలి టైర్లు లోకమంతటా వ్యాపించాయి. మన పల్లెలలో ఎద్దులబండ్లకు కూడా కర్రచక్రాలు పోయి గాలి టైర్లు వచ్చాయి. పాత సైకిలు టైరును కర్రతో కొడుతూ వీధివెంట పరుగెత్తించడం మన పల్లె పిల్లలకు ఎంతో ఇష్టమైన ఆట.

టైరు లోపల ఏముంది?

టైరంటే ఉత్త రబ్బరు కాదు. రోడ్డును తాకే భాగం మందంగా ఉంటుంది. వాననీరు పక్కకు పోవడానికి దాని మీద గాడులు ఉంటాయి. రెండు వైపులా ఉండే పలుచని భాగాన్ని పక్కగోడ అందాం. బండి బరువుకు వంగుతూ లేస్తూ ఉండేది ఈ పక్కగోడే. రబ్బరు లోపల గట్టి దారాలతో నేసిన పొరలు ఉంటాయి. గాడుల కింద సన్నని ఉక్కు తీగల పట్టీలు ఉంటాయి. చక్రానికి పట్టుకొని ఉండే అంచులో ఉక్కు తీగల కడియం ఉంటుంది. రబ్బరులో కూడా చెట్టు రబ్బరు కొంత, నూనెఖనిజం నుండి కర్మాగారంలో తయారుచేసిన రబ్బరు కొంత కలిసి ఉంటాయి.

టైరు నల్లగా ఎందుకు ఉంటుందో తెలుసా? రబ్బరు సహజమైన రంగు నలుపు కాదు. దానిలో మెత్తని మసి కలుపుతారు. మసి కలిస్తే రబ్బరుకు బలం పెరుగుతుంది, తొందరగా అరగదు. అంతేకాదు, ఎండలోని హానికరమైన కిరణాలను ఆ మసి తనలోకి పీల్చుకొని, లోపలి రబ్బరును కాపాడుతుంది.

ఇవి కాక కొన్ని కాపలా మందులు, ఒక రకమైన మైనం కూడా టైరులో కలుపుతారు. బండి నడిచేటప్పుడు టైరు వంగుతూ లేస్తూ వేడెక్కుతుంది. అప్పుడు ఆ మైనమూ, మందులూ కొద్దికొద్దిగా పైకి వచ్చి టైరు మీద పలుచని పొరగా ఏర్పడతాయి. టైరు పక్కన ఒక్కొక్కసారి గోధుమరంగు మరక కనిపించేది అందుకే. అది మురికి అనుకొని కొందరు గట్టిగా రుద్ది కడుగుతారు. నిజానికి టైరు తన మీద తానే కప్పుకొన్న దుప్పటి అది.

ఎండలో నిలబడినవాడి చర్మం

ఇప్పుడు పగుళ్ల సంగతికి వద్దాం. టైరుకు శత్రువులు చాలామంది.

మొదటి శత్రువు గాలిలోని ప్రాణవాయువు. మనకు ఊపిరి పోసే ఈ వాయువే ఇనుమును తుప్పు పట్టిస్తుంది. రబ్బరులోకి కూడా నెమ్మదిగా దూరి, దానిని గట్టిపరుస్తుంది. వేడి ఎక్కువైనకొద్దీ ఈ పని వేగంగా జరుగుతుంది. అందువలన చలిదేశంలో కన్న మలేషియా వంటి ఉష్ణదేశంలోను, గల్ఫు దేశాలలోను టైరు త్వరగా ముసలిదవుతుంది.

రెండవ శత్రువు ఓజోను. ప్రాణవాయువులో రెండేసి పరమాణువులు జంటగా ఉంటాయి. మూడేసి కలిసి ఉంటే అది ఓజోను. ఆకాశంలో ఎత్తున ఉన్న ఓజోను మనకు రక్షణ. కాని నేల దగ్గర, వాహనాల పొగ మీద ఎండ పడినప్పుడు పుట్టే ఓజోను మన ఊపిరికీ హాని, రబ్బరుకూ హాని. పదికోట్ల పాళ్ల గాలిలో కొద్ది పాళ్లు ఉన్నా చాలు, కాపలా మందు లేని రబ్బరును అది పగలగొడుతుంది. అందులో ఒక చిత్రమున్నది. వదులుగా ఉన్న రబ్బరు జోలికి ఓజోను అంతగా పోదు. సాగి బిగిసి ఉన్న రబ్బరు పోగులనే కత్తిరిస్తుంది. టైరు పక్కగోడ బండి బరువుకు ఎప్పుడూ వంగి, సాగి ఉంటుంది గదా! అందుకే పగుళ్లు ముందుగా అక్కడ కనబడతాయి.

మూడవది ఎండ. నాలుగవది చాలినంత గాలి లేకపోవడం. గాలి తగ్గితే పక్కగోడ మరీ ఎక్కువగా వంగి, వేడెక్కుతుంది. ఐదవది మోయరాని బరువు. ఆరవది నూనె, పెట్రోలు చిందడం. ఇవి రబ్బరును ఉబ్బించి బలహీనం చేస్తాయి.

ఇక ఏడవది వింటే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. అది విశ్రాంతి! బండి కదలకుండా నెలల తరబడి నిలిచి ఉంటే, లోపలి మైనం పైకి రాదు. పై పొర ఒకసారి తొలగిపోతే మళ్లీ ఏర్పడదు. పైగా బరువంతా ఒక్కచోటనే పడి, ఆ భాగం ఎప్పుడూ సాగి ఉంటుంది. కాబట్టే వారానికొకసారి కదిలే తాతగారి కారు టైర్లు, రోజూ తిరిగే టాక్సీ టైర్లకన్న ఎక్కువ పగుళ్లు తీస్తాయి.

పగిలితే ఏమవుతుంది?

"పగుళ్లు ఉంటే ఉండనీ, గాలి పోవడం లేదు గదా!" అని మీరు అడగవచ్చు. ఒక చిన్న లెక్క చేద్దాం.

1985లో మలేషియాలో తొలి జాతీయ కారుగా వచ్చిన ప్రోటాన్ సాగా వంటి చిన్న కారు టైరు చుట్టుకొలత సుమారు 1.8 మీటర్లు. కారు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకోండి. అంటే గంటకు 1,00,000 మీటర్లు. దానిని 1.8తో భాగిస్తే, టైరు గంటలో సుమారు 55,500 సార్లు తిరుగుతుంది. క్షణానికి 15 సార్లన్నమాట. తిరిగిన ప్రతిసారీ పక్కగోడలోని ప్రతి చోటూ ఒకసారి వంగి లేస్తుంది. ఒక ఇనుపతీగను పదిసార్లు అటూ ఇటూ వంచితే తెగిపోవడం మీకు తెలుసు. సాగే గుణం ఉన్న రబ్బరు లక్షల సార్లు వంగినా తట్టుకొంటుంది. ఆ గుణం పోయిన రబ్బరులో మాత్రం వంగిన ప్రతిసారీ చీలిక రవ్వంత లోతవుతుంది.

చీలిక లోతైతే దాని వెంట నీరు దిగుతుంది. ఉక్కు తీగలకు తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన తీగకూ రబ్బరుకూ మధ్య పట్టు వదులుతుంది. వేడి రోజున, నిండు బరువుతో, గంటలకొద్దీ వేగంగా పోతున్నప్పుడు పొరలు ఊడి, టైరు ఒక్కసారిగా పేలుతుంది. ముందు టైరు పేలితే బండి ఒక పక్కకు లాగేస్తుంది. వెనుక టైరు పేలితే బండి తిరగబడినంత పని చేస్తుంది. ఇంటి ముందు నిలిచి ఉన్నంతకాలం ఏ ఇబ్బందీ పెట్టని టైరు, పండుగకు కుటుంబమంతా కూర్చొని పెద్దరోడ్డు మీద పోయే రోజునే మోసం చేయడానికి కారణం ఇదే.

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పిన మాట కాదు. 2012 సెప్టెంబరు 10వ తేదీన ఇంగ్లండులో ఒక బస్సు, సంగీత ఉత్సవం చూసి ఇళ్లకు పోతున్న యువతీ యువకులతో వస్తూ, సర్రే జిల్లాలోని హైండ్‌హెడ్ దగ్గర రోడ్డు తప్పి చెట్టుకు గుద్దుకొన్నది. ఇద్దరు ప్రయాణికులు, డ్రైవరు చనిపోయారు. చాలామంది గాయపడ్డారు. విచారణలో తేలినదేమిటంటే, ముందు టైరు ఒకటి పేలింది. ఆ టైరు వయసు 19 ఏళ్లు దాటింది. ఆ బస్సు కన్నా టైరే పాతది! అయినా దాని గాడులు చట్టానికి చాలినంత లోతుగానే ఉన్నాయి. టైరు వయసును గురించి ఆనాటి చట్టంలో ఏమీ లేదు.

చనిపోయిన యువకుని తల్లి ఒకరు ఆ చట్టం మారాలని ఏళ్ల తరబడి పట్టుబట్టారు. చివరకు 2021 ఫిబ్రవరి 1వ తేదీ నుండి బ్రిటన్‌లో కొత్త నియమం అమలులోకి వచ్చింది. పదేళ్లు దాటిన టైరును బస్సులకు, లారీలకు ముందు చక్రాలకు వాడరాదు. చిన్న బస్సులలో ఒంటి చక్రాలు వేటికీ వాడరాదు. టైరు మీద తయారైన తేదీ కనబడేటట్లు ఉండాలి.

టైరు వయసు చదవడం

మనిషి వయసు అడిగి తెలుసుకోవాలి. టైరు వయసు చదివి తెలుసుకోవచ్చు. టైరు పక్కగోడ మీద డి, ఓ, టి అనే మూడు ఇంగ్లీషు అక్షరాలతో మొదలయ్యే ఒక వరుస ఉంటుంది. దాని చివర నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండు అంకెలు వారాన్ని, తరువాతి రెండు అంకెలు సంవత్సరాన్ని చెబుతాయి. 2319 అని ఉంటే, అది 2019వ సంవత్సరం 23వ వారంలో, అనగా జూన్ నెలలో తయారైనదని అర్థం. 0817 అని ఉంటే 2017వ సంవత్సరం 8వ వారం, అనగా ఫిబ్రవరి. నాలుగు అంకెల బదులు మూడే అంకెలు ఉంటే ఆ టైరు 2000వ సంవత్సరానికి ముందుది. అటువంటి దానిని రోడ్డు మీదికి తీసుకుపోనే కూడదు.

ఈ అంకెలు ఒక్కొక్క టైరుకు ఒక పక్కనే ఉంటాయి. బయటి పక్క కనబడకపోతే లోపలి పక్క ఉంటాయి. పెద్దవారి సాయంతో చూడండి. డిక్కీలో ఉండే అదనపు చక్రాన్ని మరచిపోకండి. అది ఒక్కసారి కూడా రోడ్డు తాకకపోవచ్చు. కాని దాని వయసు కూడా కారుతో పాటే పెరుగుతూ వస్తుంది.

వయసు తెలిశాక ఏం చేయాలి? ఐదారేళ్లు దాటిన టైర్లను ఏడాదికొకసారి పనివాడి చేత పరీక్ష చేయించాలి. కొన్ని కార్ల కంపెనీలు ఆరేళ్లకే మార్చమంటాయి. పైకి ఎంత బాగున్నా పదేళ్లు దాటితే మార్చవలసిందేనని టైర్ల కంపెనీలు చాలావరకు చెబుతాయి.

పగుళ్లను చూడడం కూడా నేర్చుకోవాలి. బండి ఆగి, టైరు చల్లబడిన తరువాత, పెద్దవారు దగ్గరుండగా చూడండి. వెంట్రుకవంటి సన్నని గీతలు పైపైన మాత్రమే ఉంటే, వయసు మొదలైందని గుర్తు. టైరును గమనిస్తూ ఉండాలి. గోరు దిగేంత లోతు ఉంటే, గాడుల అడుగున చీలికలు ఉంటే, దారమో తీగో కనబడితే, పక్కగోడ మీద బుడిపెవలె ఉబ్బి ఉంటే, ఆ టైరు పని అయిపోయింది. అటువంటి బండితో పెద్దరోడ్డు ఎక్కకూడదు. పనివాడిని ఇంటికే పిలిపించి చక్రం మార్పించుకోవడం మేలు.

అతుకు లేదు, మందు లేదు

ఎండి పగిలిన టైరును బాగుచేయవచ్చునా? లేదు. మేకు దిగి గాలి పోయే చిల్లును గాడుల భాగంలో అయితే పూడ్చవచ్చు. కాని పగుళ్లు అంటే రబ్బరు పోగులే తెగిపోవడం. తెగిన పోగులను ఏ జిగురూ మళ్లీ కలపలేదు. కొందరు నల్లని పాలిష్ పూసి మెరిపిస్తారు. పగుళ్లు కనబడకుండా పోతాయి గాని, లోపలే ఉంటాయి. "పైన పటారం, లోన లొటారం" అని మన పెద్దలు అన్నది ఇటువంటి వాటినే. పైగా పెట్రోలు నూనెలతో చేసిన పాలిష్‌లు రబ్బరుకు హాని చేస్తాయి.

పాత బండి కొనేటప్పుడూ, వాడిన టైర్లు చవకగా వస్తున్నాయని కొనేటప్పుడూ మెరుపు చూసి మోసపోకూడదు. ముందు అంకెలు చదవాలి. నాలుగు టైర్లూ ఒక్కసారి కొనడం చాలా కుటుంబాలకు కష్టమే. అందులో తప్పు లేదు. అప్పుడు ఒకే ఇరుసుకు ఉన్న రెండు టైర్లను జంటగా మార్చవచ్చు. కొత్త జంటను వెనుక చక్రాలకు వేయడం మంచిదని నిపుణులు చెబుతారు. మిగిలిన రెండూ మార్చేవరకు దూర ప్రయాణాలు మానుకోవాలి.

పగుళ్లు వచ్చాక బాగుచేయలేము గాని, తొందరగా రాకుండా కాపాడుకోవచ్చు.

నెలకొకసారి, టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూపించాలి. ఎంత గాలి ఉండాలో చాలా కార్లలో డ్రైవరు తలుపు దగ్గర అతికించిన కాగితం మీద ఉంటుంది.

బండిని నీడలో నిలపాలి. నీడ లేకపోతే టైర్లకు గుడ్డయినా కప్పాలి.

వాడని బండిని రెండు వారాలకొకసారి అయినా కొంతదూరం నడపాలి.

నూనె చిందితే వెంటనే మామూలు సబ్బునీటితో కడగాలి.

కారులో మోయదగినంత బరువే వేయాలి.

పాత టైరును ఎక్కడ పెట్టాలి?

టైరు మార్చిన తరువాత పాతదానిని పెరట్లో పడేస్తే మరొక ప్రమాదం వస్తుంది. దాని కడుపులో వాననీరు నిలుస్తుంది. డెంగీ జ్వరాన్ని తెచ్చే దోమకు అటువంటి నిలవనీరే పురిటిల్లు. టైరును ఎటు తిప్పినా కొంత నీరు అందులోనే ఉండిపోతుంది. కాల్చడం ఇంకా చెడ్డది. నల్లని విషపు పొగ వస్తుంది, మంట ఒక పట్టాన ఆరదు. కాబట్టి పాత టైర్లను కొత్తవి అమ్మిన దుకాణంలోనే అప్పగించాలి. వాటిని పొడి చేసి రోడ్లు వేయడంలోను, ఆటస్థలాల నేల పరచడంలోను వాడతారు. మన పల్లెలలో పాత టైర్లతో చెప్పులు కుట్టేవారు. టైరు చెప్పులు ఏళ్ల తరబడి అరిగేవి కావు.

మీరు చేయగల పని

పిల్లలూ! టైరు మార్చే బలం మీకు లేదు. కొనే డబ్బూ మీ దగ్గర లేదు. కాని వంగి చూసే కళ్లు ఉన్నాయి, నాలుగు అంకెలు చదివే చదువు ఉంది. పెద్దవారికి పని తొందరలో కనబడనివి మీకు కనబడతాయి. "నాన్నగారూ, ఈ టైరుకు పన్నెండేళ్లు నిండాయి" అని మర్యాదగా చెప్పవచ్చు. "తాతగారూ, ఇక్కడ గోరు దిగుతోంది, చూడండి" అని చూపవచ్చు. చేతులు కాలాక ఆకులు పట్టుకొని లాభం లేదు. ప్రయాణానికి ముందు చెప్పిన ఒక్క మాట ఇంటిల్లిపాదినీ కాపాడుతుంది.

అభ్యాసము

ప్రశ్నలకు సొంత మాటలలో జవాబులు రాయండి.

1. టైరు ఏ రెండు విధాలుగా పాడవుతుంది?

2. పచ్చి రబ్బరులో గంధకం కలిపితే ఏమి మార్పు వస్తుంది? సేమియాతో పోల్చి చెప్పండి.

3. ఎక్కువగా తిరగని కారు టైర్లు త్వరగా పగుళ్లు తీయడానికి కారణమేమిటి?

4. ఒక టైరు మీద 4115 అని ఉంది. అది ఎప్పుడు తయారైంది? నేటికి దాని వయసు ఎంత?

5. పగిలిన టైరుకు నల్లని పాలిష్ పూయడం ఎందుకు తప్పు?

చేసి చూడండి.

ఒకే రకం రబ్బరు బ్యాండ్లు రెండు తీసుకోండి. ఒకదానిని ఒక డబ్బా చుట్టూ బాగా సాగదీసి తగిలించి, ఎండ తగిలే చోట ఆరుబయట పెట్టండి. రెండవదానిని సాగదీయకుండా, మూత ఉన్న పెట్టెలో చీకటిలో ఉంచండి. వారానికొకసారి రెండింటినీ చూసి, కనబడిన మార్పులను తేదీలతో సహా మీ పుస్తకంలో రాయండి. కొన్ని వారాల తరువాత రెండింటినీ పక్కపక్కన పెట్టి మీ తరగతిలో చూపండి.

ఇంట్లో అడిగి తెలుసుకోండి.

మీ కుటుంబంలోగాని, మీకు తెలిసినవారిలోగాని రబ్బరు తోటలో పనిచేసిన పెద్దలు ఉన్నారా? వారు ఎన్ని గంటలకు లేచేవారు, రోజుకు ఎన్ని చెట్లకు గాటు పెట్టేవారు, పాలను ఎక్కడికి చేర్చేవారు అని అడిగి, వారు చెప్పిన మాటలను తెలుగులో పది వాక్యాలు రాయండి.